తెల్లమచ్చలు నెరిసిన వెంట్రుకలు కావు

అరవై దాటినవాళ్ళకు మెదడు ఎంఆర్ఐ తీయిస్తే రిపోర్టు చివర్లో ఒక వాక్యం దాదాపు తప్పకుండా ఉంటుంది: తెల్ల పదార్థంలో అక్కడక్కడ మచ్చలున్నాయి, వయసుతో వచ్చే మార్పులు. ఆ కాగితం పట్టుకుని వెళ్తే డాక్టరుగారు ఫిల్మును వెలుతురులో ఓసారి చూసి, "ఏం లేదమ్మా, జుట్టు నెరవదూ, అలాంటిదే ఇదీనూ. ఈ వయసులో అందరికీ ఉంటాయి, పట్టించుకోకండి" అంటారు. బయటికొచ్చిన కొడుకు చెల్లెలికి ఫోన్ చేసి "నాన్న స్కాన్ నార్మలే" అని చెప్తాడు. రిపోర్టు ఫైల్లోకి, ఫైలు బీరువాలోకి పోతాయి. నాన్నగారి బీపీ ఎంతుందో ఆ రోజు ఎవరూ చూడరు.

ఇది ఏ ఒక్క డాక్టరో అనే మాట కాదు. వైద్యులు, రోగులు, పెళ్ళిళ్ళలో పక్క కుర్చీలో కూర్చుని ఆరోగ్య సలహాలిచ్చే బంధువులు, అందరూ ఒప్పేసుకున్న అభిప్రాయం. ఇందులో కొంత నిజం ఉంది. ఆ కొంత నిజాన్ని అడ్డం పెట్టుకునే మిగతా తప్పంతా చలామణీ అవుతోంది. అందుకని ముందు అవతలి పక్షం చెప్పేది ఉన్నదున్నట్టు విందాం.

వాళ్ళ మొదటి మాట, ఈ మచ్చలు దాదాపు అందరికీ ఉంటాయన్నది. నిజమే. నెదర్లాండ్స్‌లో 60 నుంచి 90 ఏళ్ళ వయసువాళ్ళను వెయ్యిమందికి పైగా స్కాన్ చేసి 2001లో ప్రకటించిన లెక్కలో ఒక్క మచ్చ కూడా లేనివాళ్ళు నూటికి ఐదుగురే. రెండో మాట, వీళ్ళలో చాలామంది హాయిగా తిరుగుతుంటారన్నది. అదీ నిజమే. మూడోది, ఈ మచ్చల్ని చెరిపేసే మందు లేదు, తెలిసి చేసేదేముందన్నది. నాలుగోది, లేనిపోని భయం పెట్టడం దేనికన్నది. నాలుగూ విడివిడిగా వింటే సబబుగానే ఉంటాయి. కలిపి "పట్టించుకోకండి" అన్న తీర్పు ఇచ్చేటప్పుడే లెక్క తప్పుతుంది.

1. అందరికీ ఉంటే మామూలైపోతుందా?

ఒకప్పుడు మన ఊళ్ళలో బీపీకి ఓ సూత్రం ఉండేది: వయసుకు వంద కలుపుకో, అదే నీ బీపీ. డెబ్బై ఏళ్ళ మనిషికి 170 ఉంటే సరిగ్గా ఉన్నట్టే! ఇది పామరుల మాట అనుకోకండి, చదువుకున్న వైద్యులూ చాలాకాలం ఇలాగే నమ్మారు. వయసు మీద పడితే నాళాలు గట్టిపడతాయి, గట్టిపడిన నాళాల్లో రక్తం నడవాలంటే ఒత్తిడి పెరగాలి, దాన్ని తగ్గిస్తే మెదడుకు రక్తం చాలదు అనేవాళ్ళు. 1991లో అమెరికాలో 60 దాటిన 4,736 మంది మీద జరిగిన పరీక్ష ఫలితం వచ్చింది. పై అంకె మాత్రమే ఎక్కువగా ఉన్న ఆ వృద్ధులకు మందులిచ్చి దాన్ని తగ్గిస్తే పక్షవాతాలు 36 శాతం తగ్గాయి. "ఈ వయసులో అందరికీ ఉండేదే" అని వదిలేసిన కాలమంతా ఎందరికి కాలూచెయ్యీ పడిపోయాయో లెక్కగట్టినవాళ్ళు లేరు. అదే తర్కం ఇప్పుడు బీపీ మిషన్ వదిలి ఎంఆర్ఐ ఫిల్ము ఎక్కింది.

ఎంతమందికి ఉందన్నది ఒక ప్రశ్న, ఉంటే మంచిదా చెడ్డదా అన్నది వేరే ప్రశ్న. భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో దేశమంతా జరిగిన సర్వే 2023లో చెప్పిన ప్రకారం మన పెద్దవాళ్ళలో 35.5 శాతం మందికి రక్తపోటు ఉంది. ముగ్గురిలో ఒకరికి ఉంది కాబట్టి మామూలే అని ఏ వైద్యుడూ అనడు.

పోనీ వయసే కారణమనుకుందాం. అప్పుడు ఒకే వయసువాళ్ళందరి మెదళ్ళూ ఒకేలా ఉండాలి. దీన్ని పరీక్షించే అవకాశం స్కాట్లండ్‌లో దొరికింది. 1936లో పుట్టిన పిల్లల్లో దాదాపు అందరికీ 1947లో, పదకొండేళ్ళప్పుడు, బడిలో ఒక తెలివితేటల పరీక్ష పెట్టారు. వాళ్ళలో ఎడిన్‌బరో చుట్టుపక్కల ఉన్నవాళ్ళను ముసలితనంలో మళ్ళీ వెతికి పట్టుకుని, 73 ఏళ్ళ ప్రాంతంలో దాదాపు ఏడువందల మందికి ఎంఆర్ఐ తీశారు. అందరిదీ ఒకే పుట్టిన సంవత్సరం, ఒకే ప్రాంతం. కొందరి మెదడులో రెండు మూడు చుక్కలున్నాయి, కొందరిలో తెల్ల పదార్థం చాలా మేర తెల్లబారిపోయింది. వయసు ఒకటే అయినప్పుడు ఈ తేడాకు వయసు కారణం ఎలా అవుతుంది? బీపీ, షుగర్, పొగ లాంటి తెలిసిన కారణాలన్నీ కలిపినా ఆ తేడాలో చాలా చిన్న భాగమే తేలిందని అదే బృందం ఒప్పుకుంది. తెలియని కారణాలు ఇంకా ఉన్నాయని దీనర్థం. కారణం తెలియనంత మాత్రాన జబ్బు జబ్బు కాకుండా పోదు.

ఇంకా సూటి సాక్ష్యం కాడసిల్ అనే వంశపారంపర్య జబ్బు. 19వ క్రోమోజోము మీది నాచ్3 జన్యువులో దోషం వల్ల ఇది వస్తుందని 1996లో కనిపెట్టారు. ఈ దోషం ఉన్నవాళ్ళకు ముప్పై, నలభై ఏళ్ళకే ఎంఆర్ఐలో ఇవే తెల్లమచ్చలు, వాటితోపాటు చిన్న గుంటలు, నల్ల చుక్కలు కనిపిస్తాయి. సన్న రక్తనాళాల గోడ చెడితే చాలు, ఈ బొమ్మ రావడానికి అరవై ఏళ్ళు నిండనక్కర్లేదు.

అసలు చెడేది ఏమిటంటే, మెదడు అడుగున ఉన్న పెద్ద ధమనుల నుంచి నేరుగా లోపలికి చొచ్చుకుపోయే సన్నటి కొమ్మలు. చాలావరకు మిల్లీమీటరు మందం కూడా ఉండవు. పక్క కొమ్మలతో వీటికి పొత్తు దాదాపు లేదు. ఒకటి మూసుకుపోతే ఆ మేరకు మెదడుకు వేరే దారిలో రక్తం అందదు. బోస్టన్‌లో మిల్లర్ ఫిషర్ అనే న్యూరాలజిస్టు 1960లలో చనిపోయినవాళ్ళ మెదళ్ళను సన్నటి పొరలుగా కోసి, చిన్న గుంటల నుంచి వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళి, గోడలు మందమెక్కి మూసుకుపోయిన ఈ కొమ్మల్ని చూపించాడు. మామూలు ఎంఆర్ఐలో ఈ నాళాలు కనపడవు. మనకు కనిపించేది అవి చెడినందువల్ల చుట్టూ జరిగిన నష్టం. రిపోర్టులో ఉన్న మచ్చ అంటే నష్టం ఇప్పటికే జరిగిన చోటు.

నెరిసిన వెంట్రుక పక్షవాతానికి సూచన కాదు. ఈ మచ్చలు సూచనే. అప్పటిదాకా జరిగిన దీర్ఘకాలిక అధ్యయనాలన్నీ పోగుచేసి 2010లో స్టెఫానీ డెబెట్, హ్యూ మార్కస్ లెక్కగట్టారు. మచ్చలు ఎక్కువున్నవాళ్ళకు పక్షవాతం ముప్పు మూడింతలకు పైగా, మతిభ్రంశం ముప్పు దాదాపు రెండింతలు, మరణం ముప్పు రెండింతలు. జుట్టు పోలిక ఇక్కడితో సరి.

2. అన్ని మచ్చలూ ఒకటే అన్నట్టు మాట్లాడటం

ఈ అభిప్రాయంలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. "వయసు మార్పులు" అన్న ఒక్క మాట కింద అరడజను వేర్వేరు వస్తువుల్ని గంపగుత్తగా పడేస్తున్నారు. ఎడిన్‌బరోకు చెందిన జోవనా వార్డ్‌లా నాయకత్వంలో అనేక దేశాల నిపుణులు 2013లో కూర్చుని వీటికి పేర్లు, కొలతలు ఖరారు చేశారు, 2023లో వాటిని సవరించారు. అంతకుముందు ఒకే మచ్చను ఒక్కొక్కరు ఒక్కో పేరుతో పిలిచేవారు. ఇప్పుడా సాకు లేదు.

మొదటివి తెల్లమచ్చలు. ఫ్లెయిర్ అనే పద్ధతిలో తీసిన బొమ్మలో మెదడు లోపలి నీరు నల్లగా, దెబ్బతిన్న తెల్ల పదార్థం తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌కు చెందిన ఫ్రాంజ్ ఫాజెకాస్ 1987లోనే వీటికి సున్నా నుంచి మూడు దాకా అంచెలు కట్టాడు. విడివిడి చుక్కలైతే ఒకటి, చుక్కలు కలవడం మొదలైతే రెండు, కలిసిపోయి మడుగు కట్టినట్టయితే మూడు. అంతే, నిమిషం పని, వేరే మిషనేమీ అక్కర్లేదు. ఈ అంచె ఎందుకంత ముఖ్యమో అదే గ్రాజ్‌లో తేలింది. మామూలు ఆరోగ్యవంతుల్నే ఆరేళ్ళు వెంబడించి 2003లో ఫలితాలు చెప్పారు. విడి చుక్కలు ఆరేళ్ళకూ దాదాపు అలాగే ఉన్నాయి. కలవడం మొదలైనవీ, కలిసిపోయినవీ వేగంగా పెరిగాయి.

కాబట్టి అరవయ్యేళ్ళ మనిషికి నాలుగు విడి చుక్కలుంటే కంగారు పడొద్దన్న డాక్టరు మాట నిజమే. పార్శ్వపు తలనొప్పి ఉన్న ముప్పై ఏళ్ళ అమ్మాయి స్కాన్‌లో రెండు చుక్కలు కనిపించినా అంతే. నేను ఆ మాటను కాదనడం లేదు. అదే మాటను, అదే గొంతుతో, మూడో అంచె మనిషికి కూడా చెప్తున్నారు. గొడవ అక్కడ.

రెండోది లాక్యూన్. మూడు నుంచి పదిహేను మిల్లీమీటర్ల గుంట, లోపల నీరు, ఫ్లెయిర్‌లో నల్లటి గుంట చుట్టూ తరచు తెల్లటి అంచు. ఇది మార్పు కాదు, మెదడులో ఓ ముక్క చచ్చిపోయిన చోటు. ఎప్పుడో చడీచప్పుడు లేకుండా వచ్చిపోయిన చిన్న పక్షవాతం. దీన్ని "వయసుతో వచ్చేది" అని రాయడం, గుండెపోటు వచ్చిపోయిన గుర్తు ఈసీజీలో కనిపించినా నార్మల్ అని రాసినంత పని. మూడోది దీన్నే పోలి ఉంటుంది: నాళాల చుట్టూ ఉండే ఖాళీలు. సాధారణంగా మూడు మిల్లీమీటర్ల లోపే, నాళం వెంబడే గీతల్లా సాగుతాయి, తెల్లటి అంచు ఉండదు. ఇవి కొన్ని ఉంటే పెద్దగా పట్టింపు లేదు. ఇదీ గుంటే, అదీ గుంటే అని రెండిటినీ కలిపేస్తే చచ్చిన మెదడుకూ సందుకూ తేడా పోయింది.

నాలుగోది మైక్రోబ్లీడ్, అంటే సన్న నాళం నుంచి చుక్క రక్తం కారి, అందులోని ఇనుము అక్కడే మిగిలిపోయిన గుర్తు. రెండు నుంచి పది మిల్లీమీటర్ల గుండ్రటి నల్లచుక్క. మామూలు బొమ్మల్లో ఇది కనపడదు. ఎస్‌డబ్ల్యూఐ లాంటి ప్రత్యేక పద్ధతి కలిపి తీస్తేనే కనపడుతుంది. అది తీయకుండానే "రక్తస్రావం గుర్తులేమీ లేవు" అని రాసిన రిపోర్టులు నేను చూశాను. వెతకని వస్తువు దొరకలేదని చెప్పడం ఏ తర్కమో!

నల్లచుక్క ఉందని చెప్పినా సగం సంగతే చెప్పినట్టు, అది ఎక్కడుందో చెప్పాలి. థాలమస్, బేసల్ గాంగ్లియా, మెదడు కాండం లాంటి లోపలి చోట్ల ఉంటే వేళ్ళు ఎక్కువగా బీపీ వైపు చూపిస్తాయి. పై పొరకు దగ్గరగా, అంచుల్లో మాత్రమే ఉంటే నాళాల గోడల్లో అమిలాయిడ్ అనే మాంసకృత్తు పేరుకుంటోందేమోనని అనుమానించాలి. అది వేరే జబ్బు, దాని ముప్పు వేరు. మెదడు పైన ముడతల వెంబడి నల్లటి పూతలా ఇనుము కనిపిస్తే పెద్ద రక్తస్రావం జరిగే అవకాశం ఇంకా ఎక్కువ. 2022లో సవరించిన బోస్టన్ ప్రమాణాలు ఈ లెక్కలన్నీ పెట్టుకునే ఆ అమిలాయిడ్ జబ్బును నిర్ధారిస్తాయి. అల్జైమర్స్‌కు ఈ మధ్య వచ్చిన లెకానిమాబ్ మందు పరీక్షలో నాలుగుకు మించి మైక్రోబ్లీడ్లు ఉన్నవాళ్ళను అసలు చేర్చుకోలేదు. మెదడు వాచే, రక్తం కారే ముప్పు ఉందని ఆ మందు మొదలుపెట్టేముందు ఎంఆర్ఐ తీయించడం తప్పనిసరి చేశారు. నాలుగా, ఐదా అన్న లెక్క మీద ఓ మనిషికి మందు ఇవ్వాలా వద్దా అన్నది ఆధారపడి ఉంటే, ఆ చుక్కల్ని లెక్కపెట్టకుండా "వయసు మార్పులు" అని రాసి సంతకం పెట్టేస్తారా?

వీటికి తోడు ఈ మధ్యే జరిగిన చిన్న ఇన్‌ఫార్క్ట్ (రక్తం అందక మెదడులో ఓ ముక్క చచ్చిన చోటు), మెదడు కుంచించుకుపోవడం ఉన్నాయి. వాటి జోలికి ఇప్పుడు పోను.

3. "లక్షణాల్లేవు కదా!"

లక్షణాలు లేవని ఎవరన్నారు? ఎవరు అడిగారు?

సన్న నాళాల ఈ జబ్బు పక్షవాతంలా తలుపు బద్దలుకొట్టుకుని రాదు. ఇంట్లోవాళ్ళు రోజూ చూస్తూనే ఉండి వేరే పేర్లు పెట్టుకుంటారు. నాన్నగారి అడుగులు చిన్నవైపోయాయి. గడప దగ్గరకు రాగానే కాళ్ళు నేలకు అతుక్కుపోయినట్టు ఒక్క క్షణం ఆగుతారు, చేతులు మాత్రం బాగానే ఊగుతాయి. మోకాళ్ళ నొప్పులు అనుకుంటారు. మూత్రం వచ్చిందంటే ఆపుకోలేరు. ప్రోస్టేట్ అనుకుంటారు. పేపరు తీసి పక్కన పెడతారు, ఎవరితోనూ మాట్లాడరు, ఏ పనీ మొదలుపెట్టరు. రిటైరయ్యాక బద్ధకం పెరిగింది అనుకుంటారు. మనవడి పేరు గుర్తుంది, 1977 ఎన్నికల్లో ఎవరు గెలిచారో గుర్తుంది, కాబట్టి మతిమరుపు లేదు. కానీ బ్యాంకులో ఫారం నింపుతూ పక్కవాడి ప్రశ్నకు జవాబు చెప్పలేరు. ఆటోవాడికిచ్చిన నోటుకు చిల్లర ఎంత రావాలో తేల్చడానికి అర నిమిషం పడుతుంది.

ఇవన్నీ ఒకే చోటికి దారితీస్తాయి. మెదడు ముందు భాగాన్ని లోపలి భాగాలతో కలిపే తీగలన్నీ ఆ తెల్ల పదార్థంలోంచే పోతాయి. అక్కడ నష్టం జరిగితే ముందు దెబ్బతినేది జ్ఞాపకం కాదు. ఆలోచన వేగం, ప్రణాళిక, నడక, చొరవ దెబ్బతింటాయి. రెండు నిమిషాల్లో "ఈ రోజు తేదీ ఎంత? ప్రధానమంత్రి ఎవరు?" అని అడిగి పాస్ చేసేస్తే ఇవేవీ దొరకవు. మనిషిని గదిలో ఆ మూల నుంచి ఈ మూలకు నడిపించి చూడరు. చూడకుండా లక్షణాల్లేవంటారు.

యూరప్‌లో తమ పనులు తాము చేసుకోగలుగుతున్న వృద్ధుల్నే ఎంచుకుని, మచ్చల తీవ్రత బట్టి మూడు వర్గాలుగా విడదీసి వెంబడించారు. 2009లో వచ్చిన ఫలితం చూస్తే, తీవ్రమైన మచ్చలున్నవాళ్ళలో ఏటా పరాధీనులైనవాళ్ళూ చనిపోయినవాళ్ళూ కలిసి, స్వల్పంగా ఉన్నవాళ్ళకు దాదాపు మూడింతలు. అందరూ మొదట్లో "బాగానే" ఉన్నవాళ్ళే. రోటర్‌డామ్‌లో 1,015 మందిని వెంబడించి 2003లో చెప్పిన ఫలితం కూడా ఇదే దారిలో ఉంది. మొదటి స్కాన్‌లోనే పైకి తెలియని ఇన్‌ఫార్క్ట్‌లు కనిపించినవాళ్ళకు తర్వాత మతిభ్రంశం వచ్చే ముప్పు రెండింతలు దాటింది.

సరే, ఒకే రకం బొమ్మ ఉన్న ఇద్దరిలో ఒకరు చలాకీగా, ఒకరు మంచం మీద ఎందుకుంటారు? ఇది న్యాయమైన ప్రశ్న. జవాబులో ఓ ముక్క మన హైదరాబాదులోనే దొరికింది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది మతిభ్రంశ రోగుల వివరాలు పరిశీలించి 2013లో ప్రచురించింది. తెలుగో ఉర్దూయో ఒక్కటే మాట్లాడేవాళ్ళ కంటే రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడింది. అల్జైమర్స్‌లోనే కాదు, రక్తనాళాల వల్ల వచ్చే మతిభ్రంశంలోనూ ఈ తేడా ఉంది. చదువు రానివాళ్ళలో కూడా ఉంది. మెదడుకు నిల్వ ఎక్కువ ఉన్నవాళ్ళు అదే నష్టాన్ని ఇంకొన్నాళ్ళు తట్టుకుంటారని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. తట్టుకుంటున్నాడు కాబట్టి నష్టం లేదనడం, బ్యాంకులో డబ్బుంది కాబట్టి అప్పు లేదనడమే.

4. "తెలిసి చేసేదేముంది?"

మచ్చల్ని మాయం చేసే మందు లేదు. ఒప్పుకుందాం. కానీ అవి పెరగకుండా అడ్డుకోవచ్చా అన్నదానికి జవాబు ఉంది. అమెరికాలో స్ప్రింట్ పరీక్షలో బీపీ ఉన్నవాళ్ళను రెండు వర్గాలు చేసి, ఒకరికి పై అంకె 140 లోపు, ఇంకొకరికి 120 లోపు ఉండేలా మందులిచ్చారు. వాళ్ళలో 449 మందికి మొదట్లోనూ, దాదాపు నాలుగేళ్ళ తర్వాతా ఎంఆర్ఐ తీశారు. 140 వర్గంలో తెల్లమచ్చలు సగటున 1.45 ఘన సెంటీమీటర్లు పెరిగితే, 120 వర్గంలో 0.92 మాత్రమే పెరిగాయి. 2019లో వచ్చిన ఈ ఫలితాన్ని పక్కన పెట్టుకుని "వయసు మార్పులు" అన్న మాట మళ్ళీ చదవండి. బీపీ మాత్ర వేసుకున్నవాడికి వయసు నెమ్మదిగా పెరగదు. మచ్చలు నెమ్మదిగా పెరిగాయి. అంటే వాటిలో ఆ మేరకు వయసుకు సంబంధం లేని భాగం ఉన్నట్టే కదా?

పూర్తి లెక్క చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. అదే పరీక్షలో ఆలోచనాశక్తిలో వచ్చే స్వల్ప లోపం 19 శాతం తగ్గింది కానీ మతిభ్రంశంలో కనిపించిన తగ్గుదల గట్టిగా రుజువయ్యేంత లేదు. 120 వర్గంలో మెదడు పరిమాణం ఓ వెంట్రుకవాసి ఎక్కువే తగ్గింది. షుగర్ ఉన్నవాళ్ళను, పక్షవాతం వచ్చినవాళ్ళను ఆ పరీక్షలో చేర్చుకోలేదు. అందుకని ఎనభై ఏళ్ళ పెద్దాయనకు రాత్రికి రాత్రి 110కి దించెయ్యమని ఎవరూ అనకూడదు. లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడితే తుంటి విరుగుతుంది. కూర్చోబెట్టీ, నిలబెట్టీ రెండుసార్లు చూసి, నెమ్మదిగా దించాలి. చెయ్యగలిగింది ఉంది, జాగ్రత్తగా చెయ్యాలి. "చేసేదేముంది" అనడం ఈ రెంటిలో ఏదీ కాదు.

ఇక బీపీ చూసే తీరు చెప్పక్కర్లేదు. రెండంతస్తుల మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినవాడికి, చొక్కా చెయ్యి మీదే పట్టీ బిగించి, మాట్లాడిస్తూ ఒక్కసారి చూసి, ఆ అంకెతోనే మందు రాసేస్తారు, లేదా మానేస్తారు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వట్టి చేతికి పట్టీ కట్టి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనించి, రెండుసార్లు చూడటానికి పట్టే సమయం, ఆ ఎంఆర్ఐ గొట్టంలో పడుకున్న సమయంలో మూడో వంతు ఉండదు. దానికయ్యే ఖర్చు గురించి మాట్లాడక్కర్లేదు.

"ఏమీ చెయ్యలేం" అనే డాక్టర్లే చాలాసార్లు ఒకటి మాత్రం చేస్తారు. రిపోర్టులో మచ్చ కనబడగానే రక్తం పలచబడే మాత్ర రాసేస్తారు. ఒక్కోసారి రెండు. ఇదెక్కడి న్యాయమో నాకు బోధపడదు. జబ్బు కాదంటూనే దానికి మందా? పక్షవాతం గానీ గుండె జబ్బు గానీ లేకుండా, కేవలం స్కాన్‌లో మచ్చలున్నాయని ఆస్పిరిన్ లాంటివి ఇవ్వొద్దని యూరోపియన్ స్ట్రోక్ సంస్థ 2021 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. లాక్యూన్ రకం పక్షవాతం నిజంగా వచ్చిన 3,020 మందిలో కూడా ఆస్పిరిన్‌కు తోడు క్లోపిడోగ్రెల్ ఏళ్ళ తరబడి ఇస్తే పక్షవాతాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. పెద్ద రక్తస్రావాలు దాదాపు రెట్టింపయ్యాయి, మరణాలు పెరిగాయి. ఎస్‌పీఎస్3 అనే ఆ పరీక్ష ఫలితం 2012లోనే వచ్చింది. ఆ రోగుల్లోనే మరుసటి ఏడాది వెల్లడైన ఇంకో ఫలితం చూడండి: బీపీని 130 కిందికి దించినవాళ్ళలో మెదడులో రక్తస్రావం 63 శాతం తగ్గింది.

దీనికి విరుద్ధమైన తొందరపాటూ ఉంది. పక్షవాతం వచ్చి, గుండె లయ తప్పి, రక్తం గడ్డకట్టకుండా మందు వాడాల్సిన మనిషి స్కాన్‌లో రెండు మైక్రోబ్లీడ్లు కనపడగానే ఆ మందు ఆపేసేవాళ్ళున్నారు. పక్షవాతం వచ్చిన ఇరవై వేల మందికి పైగా రోగుల వివరాలు కలిపి 2019లో చూస్తే, ఎన్ని మైక్రోబ్లీడ్లు ఉన్నా రక్తం అందక వచ్చే పక్షవాతం ముప్పే రక్తస్రావం ముప్పు కంటే ఎక్కువగా తేలింది. అవసరమైనవాడికి మానేసి అవసరం లేనివాడికి రాయడం, రెండూ ఒకే అలవాటు ఫలాలు. మచ్చను చదవకుండా దాటేసే అలవాటు అది.

కొత్త చికిత్సలూ రావచ్చు. బ్రిటన్‌లో 363 మంది మీద ఐసోసార్బైడ్, సిలోస్టజాల్ అనే రెండు పాత మందులతో చేసిన లాసీ-2 పరీక్ష 2023లో ఆశ కలిగించే ఫలితాలిచ్చింది. పెద్ద పరీక్షలో నిలబడాలి. నిలబడే రోజుకు ఎవరికి ఏ మచ్చ ఎంతుందో మన రిపోర్టుల్లో రాసి ఉండకపోతే ఆ మందు ఎవరికిస్తారు? కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో నలభై అయిదు దాటిన పదివేల మందిని ఏళ్ళ తరబడి పరిశీలించాలని బెంగళూరు మెదడు పరిశోధన కేంద్రం పని మొదలుపెట్టింది. వాళ్ళకు ఎంఆర్ఐలు కూడా తీస్తోంది. తెలుగు వినపడే పల్లెలవి. అక్కడ ఓ రైతు మెదడులో చుక్కల్ని కొలిచి నమోదు చేస్తుంటే, హైదరాబాదులో వేలు పోసి తీయించుకున్న స్కాన్‌లో వాటిని ఒక్క వాక్యంలో తుడిచేస్తున్నాం.

5. భయపెట్టడం దేనికంటారా?

నిజం చెప్పడం వేరు, భయపెట్టడం వేరు. బీపీ ఉందని చెప్తే ఎవరూ మంచం పట్టలేదు. ఈ జబ్బు గురించి తెలిసిన మనిషి చుట్ట మానేస్తాడు, ఆవకాయ బద్దలు రెండు తగ్గిస్తాడు, రోజూ నడుస్తాడు, మాత్ర వదలడు. తెలియని మనిషి "స్కాన్ నార్మలే" అన్న ధీమాతో బీపీ మాత్ర మానేస్తాడు. భయం ఎవరికి ఎక్కువుండాలో మీరే చెప్పండి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. నేను చెప్పేది విని ఎవరూ ఫుల్ బాడీ ప్యాకేజీల్లో మెదడు స్కాన్ కొనుక్కోవద్దు. ఏ కారణమూ లేకుండా స్కాన్ తీయించుకోమని నా వాదన కాదు. ఏదో కారణానికి తీసిన స్కాన్‌లో కనిపించినదాన్ని దాచొద్దని మాత్రమే.

రేడియాలజిస్టులకు నా విజ్ఞప్తి. "వయసు మార్పులు" అన్న మాట రిపోర్టుల నుంచి తీసెయ్యండి. ఫాజెకాస్ అంచె ఎంతో ఒక అంకె రాయండి. లాక్యూన్లు ఎన్ని, ఎక్కడ? మైక్రోబ్లీడ్లు ఎన్ని, లోపలా, అంచుల్లోనా? ఎస్‌డబ్ల్యూఐ తీశారా, లేదా? నాలుగు లైన్లు చాలు. డాక్టర్లకు: ఆ నాలుగు లైన్లు చదివాక రోగిని ఒకసారి నడిపించి చూడండి, కూర్చోబెట్టి బీపీ చూడండి, షుగర్ ఎలా ఉందో, పొగ తాగుతాడో లేదో అడగండి. ఇక ఫైలు బీరువాలో పెట్టేసినవాళ్ళకు: రేపు దాన్ని బయటికి తీయండి. డాక్టరు దగ్గరికి వెళ్ళి అడగండి, ఎన్ని మచ్చలు, ఏ రకం, ఏ అంచె, నాన్న బీపీ ఎంత ఉండాలి అని. "ఈ వయసులో అందరికీ ఉంటాయి" అని మళ్ళీ అంటే, ఇంకో డాక్టరును వెతుక్కోండి.